ఫోన్ సర్దుడు: దేనితో మొదలుపెట్టాలి, దేని జోలికి వెళ్లకూడదు?

తీగమల్లె
ఆండ్రాయిడ్ ఫోన్, 128 జీబీ. అందులో 6 జీబీయే ఖాళీ ఉంది. నాలుగు హోమ్ స్క్రీన్ల నిండా యాప్‌లు. ఏదైనా పని మీద ఫోన్ తీస్తే, ఆ పని దాకా వెళ్లేలోపే నోటిఫికేషన్లు అడ్డం పడుతున్నాయి. కూర్చుని మొత్తం సర్దేయాలని ఉంది. ఏ వరుసలో చేస్తే మళ్లీ ఇదే స్థితికి రాకుండా ఉంటుంది? ఫోటోలకూ బ్యాంకు యాప్‌కూ ఓటీపీ యాప్‌కూ ఏమీ కాకూడదు. ఐఫోన్‌కు పనికొచ్చేవి కూడా చెబితే ఇంట్లోవాళ్ల ఫోన్‌కూ వాడతాను.

గడియారంముల్లు
మీరు వరుస గురించి అడగడం చాలా మంచిదైంది. ఎక్కువమంది ఫోటోలు తీసేయడంతో మొదలుపెడతారు. అది చివర్లో చేయాల్సిన పని. లోపలికి వచ్చేవాటిని ఆపకుండా ఉన్నవాటిని తీసేయడమంటే, చిల్లు పూడ్చకుండా పడవలో నీళ్లు తోడటమే. కాబట్టి ముందు నోటిఫికేషన్లు, తర్వాత ఆటోమేటిక్ డౌన్‌లోడ్లు, ఆపైన యాప్‌లు, హోమ్ స్క్రీన్. ఫోటోలూ ఫైళ్లూ అన్నిటికన్నా చివర.

ఏ యాప్ ఎక్కువగా విసిగిస్తోందో ఊహించుకోవద్దు, లెక్క చూడండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరవండి. డ్యాష్‌బోర్డులో పైన "స్క్రీన్ టైమ్" అని ఉన్నచోట నొక్కితే "నోటిఫికేషన్స్ రిసీవ్డ్"కు మార్చుకోవచ్చు. రోజుకు ఏ యాప్ ఎన్నిసార్లు పిలుస్తోందో వరుసగా కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఇదే లెక్క స్క్రీన్ టైమ్‌లో ఉంటుంది. అక్కడ "పికప్స్" అనే భాగం తప్పక చూడండి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాక మొట్టమొదట తెరిచిన యాప్ ఏదో అందులో ఉంటుంది. మిమ్మల్ని పని నుంచి పక్కకు లాగుతున్నది ఏదో అక్కడే తెలిసిపోతుంది.

ఆ జాబితాలో పైన ఉన్న పది యాప్‌లను చక్కబెడితే చాలు, గోల చాలావరకు తగ్గుతుంది. ఒక్కో యాప్‌కు మూడు దారులున్నాయి. శబ్దంతో రావాలా, శబ్దం లేకుండా వచ్చి కూర్చోవాలా, అసలు రాకూడదా? శబ్దం చేసే హక్కు మూడింటికే ఇవ్వండి: జవాబు కోసం ఒక మనిషి ఇప్పుడే ఎదురుచూస్తుండటం, మీ ఖాతాలో డబ్బు కదలడం, టైముకు చేయాల్సిన పని. ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్, బ్యాంకు, క్యాలెండర్, అలారం ఇందులోకి వస్తాయి. సోషల్ మీడియా, వార్తలు, ఆటలు, షాపింగ్ రావు.

మెమరీగడి
పైదానికి చేర్పు. షాపింగ్ యాప్ నోటిఫికేషన్లను గంపగుత్తగా ఆపేస్తే ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందన్న కబురూ ఆగిపోతుంది. దాంతో విసుగొచ్చి మళ్లీ అన్నీ ఆన్ చేస్తారు. ఆండ్రాయిడ్ 8 (2017) నుంచి ఒక్కో యాప్ నోటిఫికేషన్లను రకాల వారీగా విడదీసే వీలుంది. ఏదైనా ఆఫరు నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని తోసేయకుండా వేలితో నొక్కి పట్టుకుని, గేరు గుర్తు నొక్కండి. ఆ రకం ఒక్కటే వెలిగి కనిపిస్తుంది, దాన్ని ఆఫ్ చేయండి. ఆర్డరు కబుర్లు అలాగే వస్తాయి. కొత్త సామ్‌సంగ్ ఫోన్లలో ఈ రకాలు మామూలుగా కనిపించవు. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి "మేనేజ్ నోటిఫికేషన్ కేటగిరీస్ ఫర్ ఈచ్ యాప్" ఆన్ చేయాలి. ఇది తెలియక, తమ ఫోన్లో ఆ సౌకర్యమే లేదనుకుంటారు.

కొన్ని యాప్‌లు ఆఫర్లనూ అవసరమైన కబుర్లనూ ఒకే రకం కింద పంపిస్తాయి. అలాంటప్పుడు యాప్ లోపలి సెట్టింగ్స్‌లో వెతకాలి. అక్కడా లేకపోతే దాన్ని సైలెంట్‌లో పెట్టండి.

కనపడగానే చేయి తోసేసిన నోటిఫికేషన్ ఏమిటో తెలియాలంటే "నోటిఫికేషన్ హిస్టరీ" ముందే ఆన్ చేసి ఉండాలి (ఆండ్రాయిడ్ 11 నుంచి ఉంది). గడిచిన 24 గంటలవి అందులో దొరుకుతాయి. అది ఉందన్న ధైర్యం ఉంటే మిగతావి ఆపేయడానికి భయం ఉండదు.

ఏడోమెట్టు
ఐఫోన్‌లో రకాల వారీగా విడదీయడం యాప్ చేతిలోనే ఉంటుంది. దానికి బదులు "షెడ్యూల్డ్ సమ్మరీ" ఉంది (ఐఓఎస్ 15, 2021 నుంచి). అర్జెంటు కాని యాప్‌లన్నీ అందులో వేసి రోజుకు రెండు టైములు పెట్టండి. అన్నీ కట్టగట్టి ఒకేసారి వస్తాయి. "టైమ్ సెన్సిటివ్" అని గుర్తు పెట్టుకొచ్చేవి మాత్రం ఆగవు. ఏదైనా యాప్ ఆ గుర్తును ఆఫర్లకు వాడుతుంటే ఆ యాప్ సెట్టింగ్స్‌లో దాన్ని విడిగా ఆపేయవచ్చు.

ఐకాన్ మీది ఎర్రచుక్కను కూడా లెక్కలోకి తీసుకోండి. శబ్దం ఆపి చుక్కను ఉంచితే, ఆ అంకెను చెరిపేయడానికే యాప్ తెరుస్తారు. నా లెక్కన ఫోన్, మెసేజ్‌లు తప్ప మరి దేనికీ ఆ చుక్క అక్కర్లేదు.

తీగమల్లె
నోటిఫికేషన్ల లెక్క చూశాను. షాపింగ్, వార్తలు, రెండు ఆటలు పైన ఉన్నాయి, ఆపేశాను. అయితే అర్జెంటు కాల్స్ తప్పిపోతాయేమోనని పని టైములో "డు నాట్ డిస్టర్బ్" పెట్టడానికి జంకుతున్నాను. దానికేమైనా దారి ఉందా?

గడియారంముల్లు
ఉంది. ఆండ్రాయిడ్‌లో డు నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్ తెరిచి, కాల్స్ దగ్గర "స్టార్డ్ కాంటాక్ట్స్" ఎంచుకోండి. కాంటాక్ట్స్‌లో ఇంటివాళ్లకూ, తప్పనిసరిగా మాట్లాడాల్సినవాళ్లకూ నక్షత్రం పెట్టండి. దాని కిందే "రిపీట్ కాలర్స్" ఉంటుంది. 15 నిమిషాల్లోపు ఒకే నంబరు నుంచి రెండోసారి కాల్ వస్తే మోగుతుంది. ఐఫోన్‌లో ఈ గడువు మూడు నిమిషాలు. ఐఫోన్‌లో ఒక్కో మనిషికి ఇంకో ఏర్పాటు కూడా ఉంది: కాంటాక్టు ఎడిట్ చేసి రింగ్‌టోన్‌లోకి వెళ్తే "ఎమర్జెన్సీ బైపాస్". అది ఆన్ చేస్తే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ కాల్ మోగుతుంది. దాన్ని ఇద్దరు ముగ్గురికి మించి ఇవ్వకండి.

టైముకు దానంతట అదే ఆన్ అయ్యేలా షెడ్యూల్ పెట్టండి. చేత్తో ఆన్ చేస్తే చేత్తోనే ఆఫ్ చేయాలి. అక్కడే మర్చిపోతారు, సాయంత్రం కాల్స్ తప్పేది అందుకే.

మెమరీగడి
ఇక ఆటోమేటిక్ డౌన్‌లోడ్లు. స్టోరేజీ నిండటంలో పెద్ద వాటా మెసేజింగ్ యాప్‌లదే.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ అండ్ డేటా" తెరవండి. "మీడియా ఆటో డౌన్‌లోడ్" కింద మొబైల్ డేటాకూ వైఫైకీ రోమింగ్‌కూ వేర్వేరుగా గడులుంటాయి. మూడింటిలోనూ వీడియోలు, డాక్యుమెంట్లు తీసేయండి. ఫోటోలు వైఫై ఒక్కదానికి ఉంచుకోవచ్చు. తర్వాత "చాట్స్"లో "మీడియా విజిబిలిటీ" ఆఫ్ చేయండి. అప్పుడు గ్రూపుల్లో వచ్చినవి గ్యాలరీలోకి రావు. ఇది ఆఫ్ చేశాక వచ్చేవాటికే వర్తిస్తుంది, పాతవి గ్యాలరీలో అలాగే ఉంటాయి. "పని చేయట్లేదు" అనుకునేది ఇక్కడే. ఐఫోన్‌లో ఈ సెట్టింగు పేరు "సేవ్ టు ఫోటోస్". అది ఆన్‌లో ఉంటే ఒక్కో ఫోటో వాట్సాప్‌లో ఒకటి, ఫోటోస్‌లో ఒకటి చొప్పున రెండు కాపీలుగా కూర్చుంటుంది.

ఇప్పుడు ఉన్నవాటి సంగతి. అదే స్టోరేజ్ అండ్ డేటాలో "మేనేజ్ స్టోరేజ్" నొక్కండి. పైన రెండు పెట్టెలుంటాయి: ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ కన్నా పెద్దవి. మొదటి పెట్టెను దాదాపుగా చూడకుండానే ఖాళీ చేయవచ్చు. రెండోదాన్ని సైజు వారీగా పేర్చుకుని పైనుంచి చూసుకుంటూ రండి. దాని కింద చాట్ల వరుస ఉంటుంది, ఎక్కువ తిన్నది పైన.

చాలామందికి కనపడనిది "సెంట్" ఫోల్డరు. మీరు గ్యాలరీ నుంచి ఒక వీడియో పంపితే ఆండ్రాయిడ్ వాట్సాప్ దాని కాపీ ఒకటి అక్కడ దాచుకుంటుంది. ఫైల్ మేనేజర్‌లో ఆండ్రాయిడ్ ఫోల్డరు, అందులో మీడియా, అందులో వాట్సాప్ పేరున్న ఫోల్డరు, లోపల మీడియా, వాట్సాప్ వీడియో, సెంట్. దారి పొడవే కానీ వెళ్లి చూడటం దండగ కాదు. దాన్ని తుడిచేస్తే చాట్‌లో ఆ వీడియో మళ్లీ తెరుచుకోదు, గ్యాలరీలో అసలుది మాత్రం భద్రంగా ఉంటుంది. ముందు అసలుది ఉందని చూసుకోండి. పక్కనే ఉండే "డేటాబేసెస్" ఫోల్డరును ముట్టుకోవద్దు, అవి మీ చాట్ల బ్యాకప్‌లు.

టెలిగ్రామ్ సంగతి వేరు. అందులోని ఫైళ్లు సర్వర్‌లో ఉంటాయి కాబట్టి "డేటా అండ్ స్టోరేజ్"లోకి వెళ్లి కేష్ (యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు) తుడిచినా చాట్‌లోంచి ఏదీ పోదు, కావాలంటే మళ్లీ దిగుతుంది. "కీప్ మీడియా" గడువును ఒక వారానికి కుదించండి.

పాతపుస్తకం
కేష్ తుడవడం, డేటా తుడవడం వేర్వేరు సంగతులని ఎవరో ఒకరు చెప్పాలి. యాప్ ఇన్ఫోలో (సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో ఒక యాప్ పేరు నొక్కితే వచ్చే పేజీ) స్టోరేజ్ తెరిస్తే రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. "క్లియర్ కేష్" నొక్కితే మళ్లీ తయారు చేసుకోగల తాత్కాలిక ఫైళ్లే పోతాయి. "క్లియర్ స్టోరేజ్" లేదా "క్లియర్ డేటా" నొక్కితే యాప్ కొత్తగా వేసుకున్నట్టే అవుతుంది: లాగిన్ పోతుంది, ఆ యాప్ ఫోన్‌లో మాత్రమే దాచుకున్నవన్నీ పోతాయి. నోట్స్ యాప్‌లో సింక్ లేకుండా రాసుకున్నవి పోయేది ఇలాగే.

కేష్ కూడా రోజూ తుడవాల్సిన పని లేదు. మళ్లీ నిండుతుంది, నిండేటప్పుడు డేటా, బ్యాటరీ ఖర్చవుతాయి. ఒక యాప్ మొరాయిస్తున్నప్పుడు, లేదా దాని కేష్ జీబీల్లోకి వెళ్లినప్పుడు తుడిస్తే చాలు.

తాళంగుత్తి
యాప్‌లు తీసేసే ముందు ఒక మాట. యాప్ తీసేస్తే మూడు పనులు జరిగిపోయాయని అనుకుంటారు, జరిగేది ఒక్కటే. ఫోన్లో చోటు ఖాళీ అవుతుంది, అంతే. నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ఆ కంపెనీ దగ్గరున్న మీ ఖాతా పోదు. కాబట్టి వరుస ఇది: ముందు ప్లే స్టోర్‌లో మీ ఫోటో నొక్కి "పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్"లో చూసి, అక్కర్లేని దాన్ని రద్దు చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ పైన మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. తర్వాత యాప్ తెరిచి ఖాతా తొలగించండి. ఖాతా తెరిచే వీలున్న ప్రతి యాప్‌లో దాన్ని తొలగించే వీలూ ఉండాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి నిబంధన పెట్టింది. గూగుల్ ప్లేలోనూ అలాంటి నియమమే ఉంది. ఆ బటన్ సాధారణంగా ప్రొఫైల్‌లో అడుగున ఉంటుంది. ఇదంతా అయ్యాకే అన్‌ఇన్‌స్టాల్.

ఓటీపీ కోడ్‌లు ఇచ్చే అథెంటికేటర్ యాప్‌ను తీసేయడం గానీ, దాని డేటా తుడవడం గానీ, ఫోన్ రీసెట్ చేయడం గానీ ముందూ వెనకా చూడకుండా చేయొద్దు. కోడ్‌ల రహస్యం అందులోనే ఉంటుంది. గూగుల్ అథెంటికేటర్‌లో 2023 నుంచి గూగుల్ ఖాతాకు సింక్ చేసుకునే వీలుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. లేదంటే "ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్"తో ఇంకో ఫోన్‌కు పంపి, అక్కడి కోడ్‌తో ఒక ఖాతాలోకి లాగిన్ అయి సరిచూసుకున్నాకే పాతది తీయండి. ముఖ్యమైన ఖాతాల బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ఉండాలి, అదే ఫోన్లోని స్క్రీన్‌షాట్‌గా కాదు.

బ్యాంకు యాప్‌కు కేష్ తుడిస్తే ఏమీ కాదు. డేటా తుడిస్తే మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ కావాల్సి రావచ్చు.

ఏడోమెట్టు
యాప్‌ల వడపోతకు ప్లే స్టోర్ చాలు. మీ ఫోటో నొక్కి, "మేనేజ్ యాప్స్ అండ్ డివైస్"లో "మేనేజ్" ట్యాబు తెరిచి, పేర్చే పద్ధతిని "లీస్ట్ యూజ్డ్"కు మార్చండి. వాడనివన్నీ పైకి వస్తాయి. పక్కన గడుల్లో టిక్కు పెట్టి ఒకేసారి తీసేయవచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, "ఐఫోన్ స్టోరేజ్". ప్రతి యాప్ కింద చివరిసారి ఎప్పుడు వాడారో రాసి ఉంటుంది.

ఏడాదికి ఒకసారి వాడే ప్రయాణాల యాప్ లాంటిది తీసేయాలా ఉంచాలా అన్న సందేహం వద్దు. మధ్యేమార్గం ఉంది. ఐఫోన్‌లో "ఆఫ్‌లోడ్" చేస్తే యాప్ పోయి దాని డేటా మిగులుతుంది. ఐకాన్ అలాగే ఉంటుంది, నొక్కితే మళ్లీ దిగుతుంది. ఆండ్రాయిడ్ 15లో యాప్ ఇన్ఫోలోనే "ఆర్కైవ్" బటన్ ఉంది. పాత వెర్షన్లలో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో "ఆటోమేటికల్లీ ఆర్కైవ్ యాప్స్" ఆన్ చేస్తే చోటు చాలనప్పుడు అదే చూసుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఆ యాప్‌ను స్టోర్ నుంచి తీసేసి ఉంటే తిరిగి రాదు.

ఒకే పనికి రెండు యాప్‌లు ఉండటం చోటు సమస్య కన్నా పెద్దది. రెండు నోట్స్ యాప్‌లుంటే, రాసుకున్నది ఏ యాప్‌లో ఉందో వెతకడానికే టైము పోతుంది. నోట్స్‌కు ఒకటి, పనుల జాబితాకు ఒకటి, బ్రౌజర్ ఒకటి. రెండోదాంట్లో ఉన్నవి మొదటిదాంట్లోకి తెచ్చాకే తీయండి.

వేపకొమ్మ
ఇంత శ్రమ ఎందుకండీ, క్లీనర్ యాప్ ఒకటి వేసుకుంటే ర్యామ్ బూస్ట్ కూడా చేస్తుంది కదా. నేను రీసెంట్ యాప్‌లన్నీ కూడా ఎప్పటికప్పుడు పైకి తోసేస్తాను.

మెమరీగడి
వేపకొమ్మ గారూ, ఈ రెండు అలవాట్లూ ఫోన్‌కు మేలు చేయవు. కారణం చెబుతాను. ఒక మామూలు యాప్‌కు ఇంకో యాప్ కేష్‌ను తుడిచే అధికారాన్ని ఆండ్రాయిడ్ ఇవ్వదు. అందుకే క్లీనర్ యాప్‌లు "యాక్సెసిబిలిటీ" అనుమతి అడుగుతాయి. అది ఇస్తే మీ బదులు బటన్లు నొక్కగలవు. అదే అనుమతితో తెర మీద ఉన్నదంతా చదవగలవు కూడా. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్లో ఆ అనుమతి ఇవ్వడం ఎంతమాత్రం మంచిది కాదు. ఇచ్చి ఉంటే ఇప్పుడే వెనక్కి తీసుకోండి. గూగుల్ వారి "ఫైల్స్" యాప్‌లో "క్లీన్" భాగం ఉంది, లేదా ఫోన్‌తో వచ్చిన స్టోరేజీ పేజీ ఉంది. అవి చాలు.

ఇక ర్యామ్, అంటే తెరిచిన యాప్‌లు నడిచే తాత్కాలిక మెమరీ. వాడి వదిలిన యాప్‌ను ఆండ్రాయిడ్ మెమరీలో ఉంచేది మళ్లీ తెరిచినప్పుడు వెంటనే రావడానికి. చోటు కావలసినప్పుడు పాతదాన్ని అదే తీసేస్తుంది. మీరు తోసేస్తే తర్వాతిసారి ఆ యాప్ మొదటి నుంచి లోడ్ కావాలి, దానికి ప్రాసెసరూ బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతాయి. బిగుసుకుపోయిన యాప్‌నో, నడుస్తున్న మ్యాప్ దారినో ఆపడానికైతే తోసేయండి, మామూలుగా అవసరం లేదు.

ఫోన్ నెమ్మదించడానికి అసలు కారణం చాలాసార్లు స్టోరేజీ అంచుదాకా నిండటమే. ఫోన్ స్టోరేజీగా ఉండే ఫ్లాష్ మెమరీ చిన్న పేజీలుగా రాస్తుంది గానీ చెరిపేటప్పుడు పెద్ద బ్లాకును మొత్తంగా చెరపాలి. ఖాళీ బ్లాకులు లేకపోతే, ఒక బ్లాకులో పనికొచ్చే పేజీలను ఇంకోచోటికి జరిపి, దాన్ని చెరిపి, అప్పుడు రాయాలి. ఒక్క ఫోటో దాచడానికి ఇంత చాకిరీ. మొత్తంలో 10 నుంచి 15 శాతం ఖాళీ ఉంచండి, అంటే 128 జీబీలో సుమారు 15 జీబీ. సిస్టమ్ అప్‌డేట్లకూ ఆ చోటు కావాలి.

గడియారంముల్లు
హోమ్ స్క్రీన్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. పని సాగేదీ ఆగేదీ అక్కడే.

మొదటి పేజీలో ఉండాల్సినవి: తెరిచి, పని చేసి, మూసేసేవి. ఫోన్, మెసేజ్‌లు, క్యాలెండర్, పనుల జాబితా, నోట్స్, కెమెరా, మ్యాప్స్, బ్యాంకు. ఉండకూడనివి: ఎంత జరిపినా చివర రానివి, అంటే వీడియోలు, ఫీడ్‌లు, వార్తలు. వాటిని తీసేయక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో హోమ్ స్క్రీన్ మీది ఐకాన్ తీసేస్తే యాప్ పోదు, యాప్ డ్రాయర్‌లో ఉంటుంది. "రిమూవ్" అన్నదే నొక్కండి, "అన్‌ఇన్‌స్టాల్" కాదు. ఐఫోన్‌లో "రిమూవ్ ఫ్రమ్ హోమ్ స్క్రీన్" అంటే యాప్ లైబ్రరీలోకి వెళ్తుంది (ఐఓఎస్ 14 నుంచి). పేరు టైపు చేసి తెరవాల్సి వస్తే, ఆ కాస్త ఆలస్యంలోనే "ఇప్పుడిది ఎందుకు?" అన్న ఆలోచన వస్తుంది. వేలు దానంతట అదే వెళ్లే చోటు లేకుండా చేయడమే ఇందులో కిటుకు.

కింది వరుసలో, బొటనవేలికి అందేచోట, రోజూ ఎక్కువసార్లు వాడే నాలుగూ పెట్టండి. అంతా కుదిరాక జరపకండి. వారానికోసారి ఐకాన్లు మారిస్తే వేలికి అలవాటు కుదరదు, ప్రతిసారీ కళ్లతో వెతకాలి. సామ్‌సంగ్‌లో "లాక్ హోమ్ స్క్రీన్ లేఅవుట్" ఉంది, ఆన్ చేయండి.

కొత్త యాప్ వేసినప్పుడల్లా ఐకాన్ వచ్చి చేరకుండా, హోమ్ స్క్రీన్ ఖాళీ చోట నొక్కి పట్టి, హోమ్ సెట్టింగ్స్‌లో "యాడ్ యాప్ ఐకాన్స్ టు హోమ్ స్క్రీన్" ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో "యాప్ లైబ్రరీ ఓన్లీ". ఈ ఒక్క స్విచ్ మర్చిపోతే కొద్ది నెలల్లో మళ్లీ నాలుగు పేజీలు నిండుతాయి.

పాతపుస్తకం
ఫోల్డర్ల విషయంలో నాది కొంచెం వేరే అభిప్రాయం. రంగుల వారీగా పేర్చినవి చూడటానికి బాగుంటాయి, వెతకడానికి పనికిరావు. యాప్ రంగు మార్చుకున్న రోజున అంతా తారుమారు. "యుటిలిటీస్", "ఇతరాలు" అని పేరు పెడితే అందులో ఏముందో రేపు మీకే గుర్తుండదు. చేసే పని పేరు పెట్టండి: "చెల్లింపులు", "ప్రయాణం", "చదవడం", "ఫోటో దిద్దడం". "ఇతరాలు" అనే ఫోల్డరు అవసరమైందంటే అందులో ఉన్నవి హోమ్ స్క్రీన్ మీద ఉండాల్సినవి కావు.

తెర నలుపు తెలుపు చేసుకోమని చాలాచోట్ల చెబుతారు. రాత్రిపూట బాగా పనిచేస్తుంది, డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని బెడ్‌టైమ్ మోడ్‌తో పెట్టుకోండి. పగలు మాత్రం మ్యాపుల్లో ట్రాఫిక్ రంగులు, చార్టులు తేడా తెలియవు. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌కు "కలర్ ఫిల్టర్స్" పెట్టుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కి మార్చుకోవచ్చు.

యాప్ టైమర్లు సొంతంగా పెట్టుకున్నవారు సొంతంగానే "ఇగ్నోర్ లిమిట్" నొక్కేస్తారు. ఐఫోన్‌లో "బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్" ఆన్ చేసి, స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను ఇంట్లో ఇంకొకరితో పెట్టించుకుంటేనే అది అడ్డుకట్ట.

తీగమల్లె
అన్నీ చేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఒక చిక్కు. గ్యాలరీలో పెద్ద వీడియోలు చాలా తీసేశాను, అయినా స్టోరేజీ అంకె కదలట్లేదు. ఎక్కడ ఇరుక్కుంది?

మెమరీగడి
చెత్తబుట్టలో. ఆండ్రాయిడ్ 11 నుంచి గ్యాలరీ యాప్‌లు తీసేసిన ఫైలును నిజంగా చెరపవు. పేరు ముందు చుక్క, "ట్రాష్డ్" అన్న మాట, గడువు అంకెలు తగిలించి అదే ఫోల్డరులో దాచి ఉంచుతాయి. 30 రోజులయ్యాక పోతుంది. అప్పటిదాకా ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. గ్యాలరీలో "ట్రాష్" లేదా "బిన్" తెరిచి ఖాళీ చేయండి. ఫైల్ మేనేజర్‌కు వేరే బిన్ ఉంటుంది, అదీ చూడండి. ఐఫోన్‌లో "రీసెంట్లీ డిలీటెడ్".

ఫైళ్లు తీసేసిన వెంటనే బుట్ట ఖాళీ చేయొద్దు, రెండు రోజులాగి చేయండి. పొరపాటున పోయింది ఏదైనా ఉంటే ఈలోపు గుర్తొస్తుంది.

తాళంగుత్తి
గూగుల్ ఫోటోస్ వాడుతుంటే ఇంకా జాగ్రత్త. బ్యాకప్ అయిన ఫోటోను ఆ యాప్‌లో "డిలీట్" నొక్కితే ఫోన్లోనూ క్లౌడ్‌లోనూ పోతుంది. ఫోన్లో చోటు మాత్రమే కావాలంటే నొక్కాల్సింది "ఫ్రీ అప్ స్పేస్". అది బ్యాకప్ పూర్తయినవాటినే ఫోన్ నుంచి తీస్తుంది. దానికి ముందు రెండు చూడాలి.

బ్యాకప్ క్వాలిటీ ఏది? "స్టోరేజ్ సేవర్" అయితే 16 మెగాపిక్సెల్స్ మించిన ఫోటోలు కుదించినవే క్లౌడ్‌లో ఉంటాయి, వీడియోలు 1080పీకి తగ్గుతాయి. ఫోన్లో ఉన్న అసలుది తీసేస్తే ఆ నాణ్యత ఇక తిరిగి రాదు. పెళ్లి, పిల్లల వీడియోల లాంటివి ముందు కంప్యూటర్‌కో హార్డ్ డిస్క్‌కో ఎక్కించండి.

రెండోది, ఏ ఫోల్డర్లు బ్యాకప్ అవుతున్నాయి? మామూలుగా కెమెరా ఫోల్డరే అవుతుంది. వాట్సాప్, డౌన్‌లోడ్స్, స్క్రీన్‌షాట్స్ "బ్యాకప్ డివైస్ ఫోల్డర్స్"లో మీరే ఆన్ చేస్తే తప్ప కావు. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోనే లెక్క. కాబట్టి అన్నీ ఆన్ చేయకుండా అవసరమైనవే చేయండి.

ఏడోమెట్టు
వీడియోల సైజు మొదట్లోనే తగ్గించుకోవచ్చు. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఆపిల్ ఇచ్చిన అంకెలు చూడండి: 1080పీ, సెకనుకు 30 ఫ్రేములతో నిమిషానికి సుమారు 60 ఎంబీ. 4కే 30 ఫ్రేములతో 170 ఎంబీ. 4కే 60 ఫ్రేములతో 400 ఎంబీ. రోజువారీ వీడియోలకు 1080పీ చాలు, పెద్ద సందర్భాలకు 4కేకు మార్చుకోండి.

పాతపుస్తకం
ఫైళ్ల గురించి రెండు మాటలు. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి పేరు వారీగా పేర్చండి. చివర బ్రాకెట్లో 1, 2, 3 ఉన్నవి చాలావరకు ఒకే ఫైలు మళ్లీ మళ్లీ దించినవి. సైజు ఒకటేనని చూసి ఒకటి ఉంచండి.

ఉంచదగిన కాగితాలకు పేరు మార్చండి. తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో ముందు పెట్టండి: "2025-03-14 కరెంటు బిల్లు" అన్నట్టు. ఫోన్ పేర్లను ఎడమనుంచి అక్షరం అక్షరం పోల్చి పేరుస్తుంది కాబట్టి తేదీల వరుస దానంతట అదే కుదురుతుంది. రోజుతో మొదలుపెడితే అన్ని నెలల ఒకటో తేదీలు ఒకచోట చేరతాయి. నెల, రోజు ఒక్క అంకెదైతే ముందు సున్నా వేయాలి, లేదంటే 10 వచ్చి 2 కన్నా ముందు కూర్చుంటుంది.

స్క్రీన్‌షాట్లు చాలావరకు ఒక్క వాక్యం కోసమో ఒక నంబరు కోసమో తీసినవే. గూగుల్ లెన్స్‌తో గానీ, ఐఫోన్ లైవ్ టెక్స్ట్‌తో గానీ ఆ అక్షరాలు కాపీ చేసి నోట్స్‌లో పెట్టి బొమ్మ తీసేయండి. నోట్స్‌లో ఉంటే వెతికితే దొరుకుతుంది.

తీగమల్లె
బుట్ట ఖాళీ చేశాక అంకె కదిలింది, ఇప్పుడు 31 జీబీ ఖాళీ. అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి: ఆఫీసు చాట్ యాప్ శబ్దం ఆన్‌లోనే ఉంచాను, కానీ మెసేజ్‌లు యాప్ తెరిచాకే ఒకేసారి వస్తున్నాయి. సర్దేటప్పుడు ఏదైనా తప్పు నొక్కానా?

మెమరీగడి
నోటిఫికేషన్ సెట్టింగు వల్ల కాకపోవచ్చు, బ్యాటరీ సెట్టింగు చూడండి. వాడని యాప్‌లను నిద్రపుచ్చే జాబితాలోకి అది చేరిపోయి ఉంటుంది. సామ్‌సంగ్ అయితే బ్యాటరీ, "బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్"లో "డీప్ స్లీపింగ్ యాప్స్" తెరవండి. ఆ జాబితాలో ఉన్నవి తెరిచినప్పుడే పనిచేస్తాయి. అందులోంచి తీసి "నెవర్ ఆటో స్లీపింగ్ యాప్స్"లో చేర్చండి. మిగతా ఫోన్లలో యాప్ ఇన్ఫో తెరిచి బ్యాటరీ దగ్గర "రిస్ట్రిక్టెడ్" ఉంటే "అన్‌రిస్ట్రిక్టెడ్"కు మార్చండి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే ఆ యాప్‌కు మినహాయింపు కూడా ఇవ్వాలి. మార్చాక స్క్రీన్ ఆపి, పది నిమిషాల తర్వాత ఎవరితోనైనా ఒక మెసేజ్ పంపించుకుని చూడండి. వెంటనే మోగితే సరిపోయినట్టే. మోగకపోతే ఫోన్ మోడల్ చెప్పండి, కొన్ని కంపెనీల ఫోన్లలో "ఆటోస్టార్ట్" అని ఇంకో స్విచ్ వేరేచోట ఉంటుంది.